న్యూయార్క్ టికెట్టా, న్యూఆర్క్ టికెట్టా?

ప్రశ్న: మాది తెనాలి. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నాకు 67 ఏళ్లు, మా ఆవిడకు 62. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటారు. అమ్మాయికి ఫిబ్రవరి నెలాఖరులో పురుడు వస్తుందన్నారు. జనవరి చివరి వారంలో బయలుదేరాలని మా ఉద్దేశం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. అల్లుడు న్యూఆర్క్‌కు టికెట్ తీసుకోమంటున్నాడు. మా ట్రావెల్ ఏజెంటు న్యూయార్క్ జేఎఫ్‌కేకు తీసుకుంటే ఇద్దరికీ కలిపి 28 వేల రూపాయలు తగ్గుతాయని, రెండూ ఒకే నగరం కిందికి వస్తాయని అంటున్నాడు. ఆయన చూపించిన న్యూఆర్క్ టికెట్‌లో రెండు చోట్ల విమానం మారాలి, జేఎఫ్‌కే టికెట్‌లో గల్ఫ్‌లో ఒక్క చోటే. అక్కడికి వెళ్లి వచ్చిన మిత్రుడేమో నగరానికి అన్నిటికన్నా దగ్గర లాగార్డియా అంటున్నాడు. అల్లుడిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు, డబ్బు వృథా చేయడమూ ఇష్టం లేదు. ఏది తీసుకోమంటారు?

సమాధానం:

మాస్టారు గారికి నమస్కారం.

న్యూఆర్క్‌కే తీసుకోండి. కానీ మీ ఏజెంటు చూపించిన న్యూఆర్క్ టికెట్ మాత్రం వద్దు. ఈ రెండింటికీ కారణాలు చెబుతాను.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. అమ్మాయికి ఫిబ్రవరి నెలాఖరుకు పురుడు. మీరు అక్కడ దిగేసరికి ఆమెకు తొమ్మిదో నెల. కాబట్టి ఏ విమానాశ్రయంలో దిగాలన్నది మీ ఇద్దరి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. మిమ్మల్ని తీసుకురావడానికి వెళ్లిన అల్లుడు ఎన్ని గంటలు ఇంట్లో ఉండడు అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

న్యూఆర్క్ విమానాశ్రయం ఎడిసన్‌కు సుమారు 30 కిలోమీటర్లు. న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే పెద్ద రహదారిని 10వ నంబరు దగ్గర ఎక్కి 13ఏ దగ్గర దిగితే విమానాశ్రయం వచ్చినట్టే. రద్దీ లేకపోతే అరగంట. మీరు సామాను తీసుకుని ఫోను చేశాక అల్లుడు ఇంటి నుంచి బయలుదేరినా ఫరవాలేదు. గంటన్నరలో అందరూ ఇంట్లో ఉంటారు.

జేఎఫ్‌కే సంగతి వేరు. అది లాంగ్ ఐలాండ్ అనే ద్వీపం దక్షిణపు అంచున, న్యూయార్క్ నగరంలో క్వీన్స్ అనే భాగంలో, జమైకా బే ఒడ్డున ఉంది. ఎడిసన్‌కు 70 కిలోమీటర్ల దరిదాపు. కిలోమీటర్ల మాట అలా ఉంచండి, మధ్యలో రెండు చోట్ల నీళ్లు దాటాలి. బెల్ట్ పార్క్‌వే మీదుగా బ్రూక్లిన్ అంచు చుట్టి, వెరజానో వంతెన దాటి స్టాటెన్ ఐలాండ్‌లోకి రావాలి. అక్కడి నుంచి గోథల్స్ వంతెనో, అవుటర్‌బ్రిడ్జ్ వంతెనో దాటితే గానీ న్యూజెర్సీ నేల తగలదు. పుష్కరాల రోజుల్లో బెజవాడ వారధి మీద వాహనాలు ఎలా నిలిచిపోతాయో తెనాలి వారికి నేను చెప్పనక్కర్లేదు. బెల్ట్ పార్క్‌వే మీద సాయంత్రాలు చాలాసార్లు అలాగే ఉంటుంది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, మీరు ఇమిగ్రేషన్ ముగించి బయటికి వచ్చేదాకా ఒకటి రెండు గంటలు. ఐదారు గంటల సేపు నిండు చూలాలు ఇంట్లో ఒంటరిగా ఉండాలి. నొప్పులు మొదలైతే అల్లుడు ఏ వంతెన మీద ఉంటాడో తెలియదు. మీ అల్లుడు న్యూఆర్క్ అనడానికి కారణం ఇదే అయి ఉంటుంది. మామగారితో ఇంత వివరంగా చెప్పడానికి మొహమాటపడి ఉంటాడు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు, టికెట్ కొంత తక్కువకు వస్తోందని నేనే జేఎఫ్‌కేకు తీసుకున్నాను. శుక్రవారం సాయంత్రం దిగింది. విమానం దిగితే వచ్చేసినట్టే అనుకుంది పాపం. కారులో రెండున్నర గంటలు కూర్చోవాల్సి వచ్చింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది. వెరజానో వంతెన మీద బండ్లు కదలక ఆగినప్పుడు, "ఇంకెంత దూరం నాన్నా?" అని అడిగింది. అప్పటికే ఇరవై నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషి ఆ మాట అడుగుతుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు మిగిలిన డబ్బు ఎంతో ఇప్పుడు గుర్తు లేదు. ఆమె అడిగిన తీరు మాత్రం గుర్తుంది.

మీ ఏజెంటు చెప్పిన "ఒకే నగరం" అన్న మాటలో సగం నిజం ఉంది. జేఎఫ్‌కే, లాగార్డియా, న్యూఆర్క్ మూడింటినీ నడిపేది ఒకే సంస్థ, 1921లో న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు రెండూ కలిసి ఏర్పాటు చేసుకున్న పోర్ట్ అథారిటీ. టికెట్లు అమ్మే వెబ్‌సైట్లు కూడా "న్యూయార్క్, అన్ని విమానాశ్రయాలు" అని ఒకే గంపలో చూపిస్తాయి. కానీ న్యూఆర్క్ న్యూయార్క్‌లో భాగం కాదు. అది న్యూజెర్సీలో మరో నగరం, హడ్సన్ నదికి ఇవతల. పేర్లు వినడానికి ఒకేలా ఉండటం వల్ల ఫోనులో మాట్లాడుకునేటప్పుడు పొరపాటు జరగడం చాలా తేలిక. అందుకే ఏజెంటుతో పేరు చెప్పి ఊరుకోకండి, మూడక్షరాల సంకేతం చెప్పండి. న్యూఆర్క్ అయితే ఈడబ్ల్యూఆర్. డబ్బు కట్టేముందు ఆ మూడక్షరాలు టికెట్ నకలులో మీ కళ్లతో చూడండి.

ఇక 28 వేల రూపాయల మాట. జేఎఫ్‌కేలో దిగితే అది మొత్తం మిగలదు. అల్లుడు వస్తే న్యూజెర్సీ నుంచి వెళ్లేటప్పుడు రెండు వంతెనల దగ్గరా సుంకం కట్టాలి, తిరిగి వచ్చేటప్పుడు వెరజానో దగ్గర మళ్లీ కట్టాలి. గోథల్స్, అవుటర్‌బ్రిడ్జ్‌ల మీద న్యూయార్క్ వైపు వెళ్లే బండ్లకే సుంకం, తిరుగు దారిలో ఉండదు. పార్కింగ్ ఖర్చు దీనికి అదనం. కారు మాట్లాడుకుంటే వంద డాలర్లు దాటుతుంది. ఇవన్నీ తీసేసినా జేఎఫ్‌కే టికెట్ కొంత చవకే అవుతుంది, ఆ సంగతి దాచను. నేను న్యూఆర్క్ అంటున్నది డబ్బు కోసం కాదు.

అలాగని రెండు చోట్ల మారే టికెట్ ఎందుకు వద్దన్నానంటే, మారే ప్రతి చోటా మళ్లీ సోదా, మళ్లీ నడక, మళ్లీ గేటు వెతుక్కోవడం. అమ్మగారి మోకాళ్లకు అది పెద్ద శిక్ష. పైగా జనవరి. ఐరోపాలో మంచు పడి మొదటి విమానం ఆలస్యమైతే రెండోది, మూడోది కూడా తప్పిపోవచ్చు. మొదటిసారి వెళ్లే ఇద్దరు పెద్దవాళ్లు తెలియని ఊళ్లో రాత్రి గడపాల్సిన పరిస్థితి రాకూడదు. దిగే చోటు దగ్గర కావడం ముఖ్యమే, కానీ మధ్యలో మారడం ఒక్కసారికి మించకుండా చూసుకోవడం దానికన్నా ముఖ్యం. ఈ రెండూ కుదిరే టికెట్ దొరుకుతుంది, మీ ఏజెంటు ఇంకొంచెం వెతకాలి.

హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కు గానీ న్యూఆర్క్‌కు గానీ నేరుగా వెళ్లే విమానం లేదు, ఒక్క చోటైనా మారక తప్పదు. శంషాబాద్‌లో ఎక్కి లండన్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఒక్కసారి మారి న్యూఆర్క్ చేరే దారులున్నాయి. ముందు వాటిని అడగండి. మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి ఉండేది ఎంచుకోండి. గంటంబావు వ్యవధి ఉన్న టికెట్ చవకగా కనబడినా తీసుకోకండి, చక్రాల కుర్చీలో వెళ్లేవారికి ఆ సమయం చాలదు. అక్కడ మారడానికి వీసా కావాలా అన్న సందేహం వస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాతో అమెరికాకే వెళ్తున్న భారతీయులకు రెండు చోట్లా మినహాయింపు ఉంది. అయినా షరతులు మారుతుంటాయి కాబట్టి కొనేముందు విమాన సంస్థనే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మరో దారి ఉంది. తెనాలి వారికి ఇది తట్టాలి కానీ చాలామంది ఏజెంట్లు చెప్పరు. మీ ఇంటి నుంచి శంషాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైన. విమానం ఎక్కకముందే ఐదారు గంటల కారు ప్రయాణం. గన్నవరం మీకు గంటన్నర లోపు. గన్నవరం నుంచి ఢిల్లీకి విమానాలున్నాయి, ఢిల్లీ నుంచి ఎక్కడా ఆగకుండా న్యూయార్క్ ప్రాంతానికి వెళ్లే విమానాలున్నాయి. కాలాన్ని బట్టి, సంస్థను బట్టి అవి జేఎఫ్‌కేలోనో, న్యూఆర్క్‌లోనో దిగుతాయి. అంటే ఇక్కడ కూడా ఒక్కసారే మారడం, అదీ మన దేశంలో. ఢిల్లీలో చేతికి ఫోను ఉంటుంది, వచ్చీరాని హిందీ అయినా నోటికి ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారికి అది చిన్న ధైర్యం కాదు.

కానీ మీరు వెళ్లేది జనవరిలో. ఢిల్లీలో ఆ నెలలో పొగమంచు దట్టంగా పడుతుంది. తెల్లవారుజామున, ఉదయం పూట విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. అందుకని ఈ దారి పట్టేటట్లయితే గన్నవరంలో మధ్యాహ్నపు విమానం ఎక్కండి, ఢిల్లీలో ఐదారు గంటల వ్యవధి పెట్టుకోండి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండాలి, సామాను గన్నవరంలో ఇస్తే అమెరికాలోనే చేతికి రావాలి. విడివిడిగా రెండు టికెట్లు కొంటే కొంత తగ్గుతుందని ఎవరైనా చెబితే వినకండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే అప్పుడు మీ బాధ్యత ఎవరూ తీసుకోరు.

లాగార్డియా గురించి మీ మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు. న్యూయార్క్ నగరానికి కేంద్రమైన మన్‌హాటన్ నడిబొడ్డుకు మూడింటిలో దగ్గరది అదే. కానీ మీకు దానితో పని లేదు. అక్కడ విదేశాల నుంచి వచ్చేవారికి ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ జరిపే ఏర్పాటు లేదు. 1,500 మైళ్లకు మించిన దూరం నుంచి వచ్చే విమానాలకు కూడా, శనివారాలు, డెన్వర్ నగరం తప్ప, అనుమతి లేదు. మీ మిత్రుడు అమెరికాలోనే మరో ఊరి నుంచి వెళ్లి అక్కడ దిగి ఉంటారు. జేఎఫ్‌కేలో దించి లాగార్డియా నుంచి ఇంకో విమానం ఎక్కించే టికెట్లు కూడా అమ్ముతుంటారు. సామాను మోసుకుని ఊళ్లో ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి మీరే పోవాలి. అలాంటివి పెద్దవాళ్లకు ఎవరూ కొనవద్దు.

న్యూఆర్క్ గురించి మీరు భయపడే వార్తలు కూడా విని ఉండవచ్చు. 2025 ఏప్రిల్, మే నెలల్లో అక్కడి విమానాలను నియంత్రించే కేంద్రంలో పరికరాలు ఆగిపోయి, అదే సమయంలో ఒక రన్‌వే మరమ్మతులో ఉండి, చాలా విమానాలు రద్దయ్యాయి, ఆలస్యమయ్యాయి. ఆ రన్‌వే జూన్‌లో తిరిగి వాడుకలోకి వచ్చింది, విమానాల సంఖ్యకు పరిమితి కూడా పెట్టారు. ఆ భయంతో న్యూఆర్క్‌ను మానుకోవాల్సిన పని లేదు.

ఒక్కసారి మారి న్యూఆర్క్ చేరే టికెట్ మీకు అందుబాటులో లేని ధర పలికితే, అప్పుడు గల్ఫ్ మీదుగా జేఎఫ్‌కే టికెట్ తీసుకోండి. రెండు చోట్ల మారే న్యూఆర్క్ కన్నా అదే నయం. కాకపోతే అల్లుడిని రమ్మనకండి. ఆయన అమ్మాయి దగ్గరే ఉండాలి. ఎడిసన్ చుట్టుపక్కల విమానాశ్రయాలకు కారు నడిపే మనవాళ్లు చాలామంది ఉన్నారు. ముందుగా మాట్లాడి పెడితే పేరు రాసిన పలక పట్టుకుని తలుపు దగ్గర నిలబడతారు. ఇంటికి వచ్చే అతిథుల్ని అల్లుడే స్వయంగా తీసుకురావాలన్న మర్యాద ఈసారికి పక్కన పెట్టమని మీరే చెప్పండి, మీరు చెబితేనే ఆయన ఒప్పుకుంటాడు. దిగే సమయం మధ్యాహ్నానికి ముందు ఉండేలా చూడండి, సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య ఆ దారిలో పడకూడదు. గల్ఫ్‌లో మారేది అబూధాబి అయితే ఒక మేలు ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది, న్యూయార్క్‌లో దిగాక సామాను తీసుకుని నేరుగా బయటికి రావడమే. బారులో నిలబడే బాధ తప్పుతుంది కానీ, ఆ తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి అబూధాబిలో వ్యవధి మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. అప్పటికి మనవడో మనవరాలో చేతికి వచ్చి ఉంటారు, అల్లుడికి ఒక పూట బయట ఉండే వీలు ఉంటుంది. వెళ్లేటప్పుడు న్యూఆర్క్, వచ్చేటప్పుడు జేఎఫ్‌కే పెట్టి ఒకే టికెట్‌గా ధర చెప్పమని ఏజెంటును అడగండి. చాలా సంస్థలు అలా ఇస్తాయి. మీరు పోగొట్టుకుంటానని బాధపడుతున్న 28 వేలల్లో కొంత అక్కడ తిరిగి రావచ్చు.

ఈ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు కాబట్టి మిగతా పాఠకుల కోసం నాలుగు మాటలు. పిల్లలు ఎడిసన్, ఇజ్లిన్, జెర్సీ సిటీ వైపు గానీ, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న బ్రిడ్జ్‌వాటర్ వైపు గానీ ఉంటే న్యూఆర్క్. గణపతి గుడి ఉన్న ఫ్లషింగ్ వైపు, క్వీన్స్, బ్రూక్లిన్, లాంగ్ ఐలాండ్‌లలో ఉంటే జేఎఫ్‌కే. ప్రిన్స్‌టన్ దాటి ఇంకా దక్షిణాన ఉంటే ఫిలడెల్ఫియా విమానాశ్రయాన్ని కూడా చూడండి. మన్‌హాటన్‌లోనే బస అయితే రెండూ దాదాపు సమానం. జేఎఫ్‌కే నుంచి పసుపు టాక్సీకి మన్‌హాటన్‌లో ఎక్కడికైనా ఒకే ధర, 2022 చివరి నుంచి 70 డాలర్లు. సుంకం, అదనపు రుసుములు, బక్షీసు దీనిపైన. న్యూఆర్క్ నుంచి రైలెక్కితే అరగంటలో నగరం మధ్యకు చేరతారు. ఆ రైలులో ఒక ప్రమాదం ఉంది. ముందు న్యూఆర్క్ పెన్ స్టేషన్ వస్తుంది, తర్వాత న్యూయార్క్ పెన్ స్టేషన్ వస్తుంది. పేరు విని తొందరపడి మొదటిదాంట్లో దిగిపోయిన వారిని నేను చూశాను. మీకు మాత్రం రైలు మాటే వద్దు, చేతిలో నాలుగు పెట్టెలుంటాయి. పురుడయ్యాక ఎండ వచ్చే రోజుల్లో ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ చూసి రండి. న్యూజెర్సీ రైళ్లలో 62 ఏళ్లు నిండినవారికి సగం ధర, వయసు తెలిపే గుర్తింపు పత్రం వెంట ఉంచుకోండి.

టికెట్ కొనేటప్పుడే అమ్మగారికి చక్రాల కుర్చీ రాయించండి. "నేను నడవగలనులే" అని ఆమె అంటారు. రాయించండి. గేటు నుంచి ఇమిగ్రేషన్ దాకా నడక పొడవు తెనాలి స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారడం లాంటిది కాదు. కుర్చీ తోసే మనిషి మీ ఇద్దరినీ తనిఖీలన్నీ దాటించి, సామాను దగ్గరికి, అక్కడి నుంచి బయటి తలుపు దాకా తీసుకెళ్తారు. మీరు పక్కనే నడవవచ్చు. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు పెట్టెల్లో పెట్టనివ్వకండి, కస్టమ్స్‌లో తీసేస్తారు, ఆలస్యం కూడా అవుతుంది. మిగతా తినుబండారాలు ఏవి ఉన్నా, అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి.

అల్లుడి చిరునామా, రెండు ఫోను నంబర్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఒకటి మీ జేబులో, ఒకటి అమ్మగారి చేతిసంచిలో ఉంచండి. ఫోనులో ఉన్నాయి కదా అనుకోవద్దు, దిగేసరికి ఛార్జింగ్ అయిపోవచ్చు. టికెట్ వివరాలు అల్లుడికి పంపేటప్పుడు విమానం నంబరుతో పాటు టెర్మినల్ కూడా రాయండి. న్యూఆర్క్‌లో ఏ, బీ, సీ అని మూడు టెర్మినళ్లున్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లేంత దగ్గర కాదు. మీరు బయటికి వచ్చిన తలుపు దగ్గరే నిలబడండి, అల్లుడు కనబడేదాకా ఎటూ కదలకండి.